ఇరవై నాలుగు అంగల గోడ

ఆ ఎండాకాలం మా పెరట్లో ఇటుకలు పెరిగాయి. మొక్కలు పెరిగినట్టే, చూస్తుండగా కాకుండా చూడనప్పుడు పెరిగాయి. ఎండలు మొదలయ్యేనాటికి మోకాలి ఎత్తున్న వరస, ఎండలు ముదిరేసరికి నా నడుం దాకా వచ్చింది. అవి కొని వాడకుండా ఉంచినవి కావు. పని చేసిన ఇళ్ళ నుంచి మిగిలి, బండిలో తిరిగొచ్చినవి. మా నాన్న లెక్కలో ఇటుక మిగలడం అంతకుముందు నేనెరగను.

మాది పూలమళ్ళకి అంచులు కట్టే పని. ఒక పక్క పచ్చిక, ఒక పక్క పూలమొక్కలు. రెంటికీ మధ్య బెత్తెడు లోతున గాడి తవ్వి, వేళ్ళు ఏరి, ఇసుక పోసి, ఇటుకలు పక్కపక్కన నిలబెట్టి రబ్బరు సుత్తితో దిగ్గొడతాం. అంచు లేకపోతే ఒక్క వానాకాలంలో గడ్డి మడిలోకి పాకిపోతుంది. అంచు గట్టిగా ఉంటే మడి పదేళ్ళు చెప్పిన మాట వింటుంది. ఇది నాన్న మాట. ఇంటివాళ్ళకి ముందు ఈ ఒక్క మాట చెప్పేవాడు, తరవాత ధర చెప్పేవాడు.

ధర చెప్పడం చూసి తీరాలి. చెవి మీద పెన్సిలు పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పెళ్ళివారింట్లో పెద్దమనిషిలా మడి వెంబడే నడిచేవాడు. పెదాలు కదిలేవి, మాట వినిపించేది కాదు. చివరిదాకా వెళ్ళి తిరిగి చూసి ధర చెప్పేవాడు. అంగకి ఇంత అని ఒక లెక్క, అంగకి పది ఇటుకలని ఇంకో లెక్క. అంతే. పెన్సిలు ఎందుకో ఎవరికీ తెలియదు, దాంతో ఆయన ఏమీ రాయగా మేం చూడలేదు. టేపు కొందామని బావ అంటే, "గుడ్డ టేపు సాగుతుంది, నా కాలు సాగదు" అనేవాడు. నిజమే. ఆయన అంగ రెండున్నర అడుగులు, ఇరవై ఏళ్ళుగా. ఈ పని మొదలుపెట్టిన రోజున మా వసారా గట్టు మీద అంత దూరంలో రెండు మేకులు దిగ్గొట్టుకున్నాడు. మేం చిన్నప్పుడు ఆ మేకుల మధ్య కూర్చుని అన్నాలు తినేవాళ్ళం.

చలికాలంలో ఒక ఇంటి దగ్గర ఎవరో తవ్వి వదిలేసిన గోతిలో పడి నాన్న మోకాలు దెబ్బతింది. నలభై రోజులు మంచం మీద ఉన్నాడు. లేచాక తగ్గిపోయిందన్నాడు. కుంటుతాడేమోనని అందరం ఆయన కాళ్ళ వంకే చూశాం. కుంటలేదు. తిన్నగా, నెమ్మదిగా, ఎప్పటిలా చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. అమ్మ ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను.

పనికి వెళ్ళేది ముగ్గురం. నాన్న, నేను, మా అక్క మొగుడు. బండి బావది, పని నాన్నది, మట్టి తవ్వడం ముగ్గురిదీ. బావ నోరు ఊరుకోదు. నేను దేనికీ వెంటనే బదులు చెప్పను కాబట్టి నన్ను జడ్జిగారు అని పిలిచేవాడు. "జడ్జిగారు తీర్పు వాయిదా వేశారు మామయ్యా, ఈలోగా మనం టీ తాగుదాం" అనేవాడు.

చలి పోయాక మొదటి ఇల్లు మేడమీద బాల్కనీ ఉన్నావిడది. నాన్న నడిచాడు, ధర చెప్పాడు. ఆవిడ నవ్వి, ఇంకెవరో ఇందులో అయిదో వంతు తక్కువకి చేస్తామన్నారంది. నాన్న తగ్గలేదు. రెండో ఇల్లు కళ్ళద్దాల షాపాయనది. ఆయనకీ ఎవరో అయిదో వంతు తక్కువకే చెప్పారట. మూడో ఇంట్లో ముసలాయన మాతో ఏమీ అనకుండా, గేటు దాకా వచ్చి సాగనంపి, మర్నాడు ఫోనులో వద్దన్నాడు. ఎంత తేడా వచ్చిందని బావ అడిగితే ఆయన చెప్పిందీ దగ్గర దగ్గర అంతే.

చవకరకం పనివాళ్ళు ఎక్కువయ్యారన్నాడు నాన్న. ఇసుక లేకుండా ఇటుకలు గుచ్చేసి పోతున్నారని, ఒక వాన పడితే వాళ్ళ బండారం బయటపడుతుందని అన్నాడు. బావ అవునన్నాడు. నాకు మాత్రం ఒకటి అంతుపట్టలేదు. ముగ్గురు వేరు వేరు మనుషులు ముగ్గురికి తక్కువ చెప్పారు, సరే. ముగ్గురూ ఒకే పాళ్ళలో ఎలా తక్కువ చెప్పారు?

అలా నెలన్నర గడిచింది. మధ్యలో చిన్న చిన్న పనులు రెండో మూడో దొరికాయి. అవి బేరమాడడం చేతకాని మనుషుల ఇళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక బావ చెయ్యి కడుక్కుని వచ్చి, ఎప్పుడూ లేనిది, నవ్వకుండా మాట్లాడాడు. మొక్కలమ్మే తోటవాళ్ళు డ్రైవరు కోసం చూస్తున్నారట. బండికి కూడా గిరాకీ ఉందట. వానలు పడేలోగా పెద్ద పని ఒక్కటి దొరక్కపోతే బండి అమ్మేసి అక్కడ చేరిపోతానన్నాడు. నాన్న తలూపాడు. బండి లేకపోతే ఇటుకలు లేవు, ఇసుక లేదు, మా పని లేదు. అది బావ చెప్పక్కర్లేదు.

"మరి దీని సంగతి?" అంది అమ్మ, నా వైపు చూసి.

బావకి అదీ సిద్ధంగా ఉంది. తెలిసినవాళ్ళ బట్టల కొట్టులో మడతలు పెట్టే పని ఉందట. "నీడపట్టున కూర్చునే పని. మరదలికి సరిగ్గా సరిపోతుంది, నోరు తెరవక్కర్లేదు."

జడ్జిగారు తీర్పు వాయిదా వేశారని ఈసారి ఎవరూ అనలేదు. కానీ నాకు తీర్పు తెలుసు. నాకు మడతలు వద్దు. తడిమట్టిలో పార దిగినప్పుడు వచ్చే చప్పుడు, వంకర వరస చివరికి వచ్చేసరికి తిన్నగా కలిసిపోవడం, అవి కావాలి. ఇంట్లో మొక్కజొన్న పొత్తులా అన్ని పొరల కింద దాక్కుని ఉంటానని అమ్మ అంటుంది గానీ, పని దగ్గర నేనేమిటో నాకు బాగా తెలుసు. నేను వేసిన ఇటుక కదలదు.

ఆ వారంలోనే పళ్ళ డాక్టరు ఇంట్లో పని దొరికింది. ఆయన బేరమే ఆడలేదు. నాన్న నడిచి యాభై అంగలన్నాడు, అయిదు వందల ఇటుకలు తెచ్చాం. మూడు రోజులు తవ్వి, పేర్చి, కొట్టాం. చివరి ఇటుక దిగ్గొట్టి లేచి చూస్తే బండి పక్కన ఇంకా వంద ఇటుకలున్నాయి.

"ఈసారి ఇటుకలు లావొచ్చాయి" అన్నాడు నాన్న.

నేను ఒకటి తీసి చూశాను. నా జానెడు చేతికి ఎప్పుడూ ఎంత వస్తుందో అంతే ఉంది. ఇటుక లావవలేదు.

బావ, నాన్న పనిముట్లు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళారు. నేను మడి దగ్గర మిగిలిన మట్టి ఎత్తుతున్నాను. ఆ పొద్దున నాన్న తవ్విన మట్టి పక్కనే తడిలో నడిచాడు. ఆయన మడమల గుర్తులు ఒకదాని తరవాత ఒకటి వరసగా ఉన్నాయి. ఎందుకు తోచిందో చెప్పలేను. మిగిలిన ఇటుకలు తెచ్చి ఒక మడమ గుర్తు నుంచి ఇంకో మడమ గుర్తు దాకా పక్కపక్కన నిలబెట్టాను. ఎనిమిది పట్టాయి. తొమ్మిదోది పట్టలేదు. ఇంకో రెండు గుర్తుల మధ్య పెట్టాను. ఎనిమిదే.

అప్పుడర్థమైంది, ఆ నలభై రోజుల తరవాత మా నాన్న ఎందుకు కుంటడంలేదో. కుంటు కనబడకూడదని అడుగు చిన్నది చేసుకున్నాడు. ఆ సంగతి ఆయన కాలికి తెలుసు, నోటికి తెలియదు. నలభై అంగల మడి యాభై అంగలవుతోంది. చవకరకం పనివాళ్ళెవరూ లేరు. అందరూ సరైన ధరే చెబుతున్నారు, మేమే ఎక్కువ చెబుతున్నాం.

ఇటుకలు తీసేసి, మడమ గుర్తుల మీద పారతో మట్టి లాగేశాను.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మ కూర తరగడం ఆపలేదు. ఆయన రోజూ స్నానాల గదిలో తలుపు వేసుకుని మోకాలికి నూనె రాసుకుంటాడని, తను చూడనట్టు ఊరుకుంటోందని చెప్పింది. తరవాత కత్తిపీట పక్కన పెట్టి నా కళ్ళలోకి చూసింది.

"ఆ మాట నీ నోటితో అనకు. మీ బావ నోట పడనివ్వకు. పరాయివాళ్ళ వాకిట్లో అసలే వద్దు."

మరి ఎలా అని అడిగాను. అది నువ్వే చూసుకో, ఇంత చూసినదానివి అంది.

రెండు రోజులు ఆలోచించాను. మా ఇంటి ముందు గోడ ఒకటుంది. నేను పుట్టకముందు నాన్న తన చేతులతో కట్టింది. దాని పొడవు ఇరవై నాలుగు అంగలు. ఇది మా వీధిలో అందరికీ తెలుసు. ఎవరైనా మడి ఎంత పొడవని అడిగితే "మా గోడలో సగం", "మా గోడా ఇంకో నాలుగు అంగలూ" అనే నాన్న చెప్పేవాడు. ఆ గోడ వెంబడే అమ్మ పూలమొక్కలు పెట్టింది. ఊరందరి మడికీ అంచు కట్టిన మాకు, మా మడికి అంచు లేదు.

ఆదివారం పొద్దున నాన్న వసారాలో కూర్చుని ఉంటే వెళ్ళి అడిగాను. పెరట్లో ఇన్ని ఇటుకలు పడున్నాయి కదా, మన మడికి అంచు కట్టుకుందాం, బయటివాళ్ళకి చెప్పినట్టే నాకో ధర చెప్పమన్నాను. నాన్నకి సరదా వేసింది. ఇంటావిడ బేరమాడుతుందా అని అడిగాడు. బాగా ఆడుతుందన్నాను. చెవి మీదికి పెన్సిలు వెళ్ళింది. లేచి, చేతులు వెనక్కి కట్టుకుని గోడ మొదట్లో నిలబడ్డాడు.

నేను తెలిసే అడిగాను. ఆ సంగతి ఇప్పుడు కూడా దాచను. ఆయన నడుస్తుంటే నేనూ లోపల్లోపల అంగలు లెక్కపెట్టాను.

పెదాలు కదులుతున్నాయి. సగం దాటాడు. మందారం దాటాడు. ఇరవై నాలుగు వచ్చినప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగాడు. గోడ ఇంకా ముందుకు పోతోంది. ఏదో లెక్క తప్పాననుకున్నట్టు తల విదిలించి, చివరిదాకా నడిచాడు. చివర గోడ మూల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తిరిగి చూడలేదు. ధర చెప్పలేదు.

తరవాత అక్కడి నుంచి మొదటికి మళ్ళీ నడిచాడు. ఈసారి పాత అంగలు. పెద్దవి. మూడో అంగకి కుంటు కనబడింది, ఆరో అంగకి గోడ పట్టుకున్నాడు. పట్టుకుని, అలాగే నడిచి, నా దగ్గరికి వచ్చి ఆగాడు. ముఖం చెమట పట్టింది.

"ఎన్నాళ్ళయింది నీకు తెలిసి?" అన్నాడు.

"మూడు రోజులు."

"మీ బావకి?"

"తెలియదు."

ఆయన మిగిలిన ఇటుకల వరస దగ్గరికి వెళ్ళి, దాని మీద చెయ్యి పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ ఇటుకలు ఏ ఏ ఇళ్ళవో లెక్కపెట్టుకుంటున్నాడనుకున్నాను. తరవాత చెవి మీది పెన్సిలు తీసి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. స్నానాల గది తలుపు ఈసారి వేసుకోలేదు. నూనె సీసా తెమ్మని అమ్మని పిలవడం వినిపించింది.

రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారి ఇంటికి మేం వెళ్ళింది ఆ తరవాత నాలుగు రోజులకి. అప్పటికే ఆకాశంలో మబ్బులు తిరుగుతున్నాయి. ఆవిడది పెద్ద తోట, మూడు మళ్ళు, మూడూ వంకర్లే. ఒకటి పాములా, ఒకటి చెవిలా, మూడోది దేనిలాగా లేదు. ఇదే మా పెద్ద పని, లేకపోతే బండి పోతుంది. బావ దారంతా ఏమీ మాట్లాడలేదు, దాన్నిబట్టే ఎంత భయపడుతున్నాడో తెలిసింది.

నాన్న గేటు దగ్గర ఆగిపోయాడు. మా అమ్మాయి కొలుస్తుందండీ అని చెప్పి, కట్టిన చేతులు విప్పకుండా ఒక పక్కకి నిలబడ్డాడు. బావ నా వైపు, ఆయన వైపు మార్చి మార్చి చూశాడు.

మా ఊరి బడిలో లెక్కల మాస్టారు చెంబు చుట్టూ దారం చుట్టించి, ఆ దారం విప్పి స్కేలు మీద పరిపించేవారు. వంకరదాన్ని వంకరగానే పట్టుకుని తరవాత తిన్నగా చెయ్యమనేవారు. నేను రాత్రికి రాత్రి నేర్చుకున్న విద్య కాదది. రెండున్నర అడుగులకొక ముడి వేసిన తాడు తీసి, మడి అంచు వెంబడే వంపు వంపుకీ ఆనించి పరిచాను. వంపు తిరిగిన చోటల్లా ఒక కర్రపుల్ల గుచ్చాను. హెడ్‌మిస్ట్రెస్ గారు నా వెనకే నడిచారు, పరీక్ష హాల్లో నడిచినట్టు.

మూడు మళ్ళూ కలిపి నూటపది ముళ్ళు. తిన్నటి చోట ముడికి ఇంత, వంపు చోట ఇటుకలు చెక్కాలి కాబట్టి ముడికి ఇంత అని ధర చెప్పాను. ఎక్కువగా ఉందన్నారావిడ. నేను ఊరుకున్నాను. వేరేవాళ్ళు అన్నింటికీ ఒకటే ధర చెప్పారన్నారు. అయితే వాళ్ళు వంపుల్లో ఇటుకలు చెక్కరు, సందులు వదిలేస్తారు, ఆ సందుల్లోంచే గడ్డి వస్తుంది అన్నాను. అని మళ్ళీ ఊరుకున్నాను. మాట్లాడకపోవడం నాకు చిన్నప్పటి నుంచి వచ్చు. అది అంత పనికొస్తుందని ఆ రోజే తెలిసింది. చివరికి ఆవిడే మాట్లాడారు.

"ఏమీ తగ్గించవా అమ్మాయ్?"

ధర తగ్గదు గానీ పని తగ్గించవచ్చన్నాను. వెనకవైపు మడి ఎవరికీ కనబడదు. దానికి ఇటుకలు వద్దు, పారతో అంచు కోసి వదిలేస్తాం, చవకలో పోతుంది. కాకపోతే రెండు నెలలకోసారి మళ్ళీ కోసుకోవాలి. ఆవిడ ఆలోచించి, ఆ కోసే పని కూడా మీరే చెయ్యండి అన్నారు. బావ దగ్గు ఆపుకున్నాడు.

అంతా అయిందనుకున్నాను. అప్పుడు నాన్న గేటు దగ్గర నుంచి నెమ్మదిగా వచ్చాడు. కుంటుతూనే వచ్చాడు. పాములాంటి మడి మధ్యలో ఒకచోట ఆగి మడమతో నేల మీద తట్టాడు. పక్కకి జరిగి మళ్ళీ తట్టాడు.

"ఇక్కడ కింద పాత దారి ఉంది. కంకర. గునపం వెయ్యాలి. దీనికో పూట కలుపుకో."

హెడ్‌మిస్ట్రెస్ గారు తాను ఇల్లు కొని పదిహేనేళ్ళయిందని, అక్కడ దారీ గీరీ లేదని అన్నారు. కుదిరిన బేరం చెడిపోతుందని బావ కళ్ళతో నన్ను బతిమాలాడు. నేను నాన్న మడమ వైపు చూశాను. ఆ కాలు పొడవు తప్పింది గానీ నేల తప్పలేదు. పూట కూలి కలిపి మొత్తం మళ్ళీ చెప్పాను. ఒకవేళ తవ్వితే దారి లేకపోతే ఆ పూట తీసేస్తామని కూడా చెప్పాను.

రెండో రోజు గునపం కంకరకి తగిలి నిప్పులు రాలాయి. రెండంగుళాల కింద, పాత బండి దారి. హెడ్‌మిస్ట్రెస్ గారు అద్దాలు పెట్టుకుని వంగి చూసి, లోపలికి వెళ్ళి మా ముగ్గురికీ మజ్జిగ తెచ్చారు. బావ గ్లాసు అందుకుంటూ అన్నాడు, "జడ్జిగారు ఇక తీర్పులు వాయిదా వేసేట్టు లేరు మామయ్యా. నేను బట్టల కొట్టులో చేరతాను, మడతలు నేర్పించండి."

నూటపది ముళ్ళలో ముప్పై పారతో కోశాం, ఎనభై ఇటుకలతో కట్టాం. ఎనిమిది వందల ఇటుకలు కావాలి. రెండు వందలు మా పెరట్లోవే. మిగతావి కొన్నాం. చివరికి మిగిలినవి మూడు, అవీ చెక్కుతుంటే విరిగినవి. ఆఖరి ఇటుక దిగ్గొడుతుండగా మొదటి చినుకులు పడ్డాయి. బండి అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు.

వాన వెలిసిన మర్నాడు పొద్దున నాన్న నన్ను వసారాలోకి పిలిచాడు. గట్టు మీద తడికాళ్ళతో నడవమన్నాడు. మామూలుగా నడువు, నేను చూస్తున్నానని నడవకు అన్నాడు. నడిచాను. గచ్చు మీద నా పాదాల తడి వరసగా పడింది. ఆయన మెల్లగా కింద కూర్చుని, నొప్పి కాలు బారజాపుకుని, బావ చేత కొత్తగా కొనిపించిన ఇనప టేపుతో కొలిచాడు. రెండడుగుల రెండంగుళాలు. మొదటి మేకు నుంచి కొలిచి అంత దూరంలో గచ్చులోకి కొత్త మేకు దిగ్గొట్టాడు. తరవాత సుత్తి నా చేతికిచ్చి, దానికి రెండంగుళాల ఇవతల ఇంకోటి కొట్టమన్నాడు.

"అది ఎవరిది?" అన్నాను, తెలిసే.

"నాది" అన్నాడు. "తాడుంది, టేపుంది, అయినా గేటులో అడుగుపెట్టగానే ఎంతవుతుందో నీకు తెలియాలి. దానికి కాలే కావాలి. ఏటేటా కొలుచుకో. నేను ఒక్కసారే కొలుచుకున్నాను."

ఆరేళ్ళయింది. ఆ గట్టు మీద ఇప్పుడు మేకులు చాలా ఉన్నాయి, పిల్లలు కూర్చోవడానికి చోటు వెతుక్కోవాలి. ఎండాకాలం మొదట్లో తడికాళ్ళతో నడవడం మా ఇంట్లో పని మొదలయిందనడానికి గుర్తు. నాన్న టేపు పట్టుకుంటాడు, నేను సుత్తి పట్టుకుంటాను. నిన్న నడిచాను. ఈ ఏడు నా అంగ మూడంగుళాలు తగ్గింది. నాన్న రెండుసార్లు కొలిచి, టేపు చుట్టేసి, నా కడుపు వైపు చూడకుండా, ఏడో నెలకి ఆ మాత్రం తగ్గుతుంది అన్నాడు.

మేకు కొత్తచోట దిగ్గొట్టి, పెన్సిలు చెవి మీద పెట్టుకుని పనికి వెళ్ళాను.